చలికాలంలో పది పేజీలు దాటని పుస్తకం మే నెలలో మూడు మధ్యాహ్నాల్లో ఎలా అయిపోయింది?

పంతులమ్మ_హనుమకొండ
నాకు 46 ఏళ్లు. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతాను. ఏప్రిల్‌లో జవాబు పత్రాలు దిద్దే డ్యూటీ ముగిసి సెలవులు మొదలైన దగ్గర్నుంచి నేను చదువుతున్నవి ఏమిటో మా స్టాఫ్ రూములో చెప్పుకోలేను. డ్రాగన్ల మీద స్వారీ చేసే అమ్మాయిలు, శాపం తగిలిన రాజకుమారులు, పగవాడి కోటకు బందీగా వెళ్లి చివరికి ఆ కోటకే రాణి అయ్యే కథలు. ఒక్కొక్కటి ఆరు వందల పేజీలు. మొదటిది మా అన్న కూతురు బెంగళూరు నుంచి వచ్చినప్పుడు మరిచిపోయి వెళ్లింది. తరువాతివి నేనే డబ్బు పెట్టి కొన్నాను.

అసలు సందేహం ఇది. పోయిన డిసెంబరులో ఆ వరుసలో రెండో పుస్తకం తెరిచాను. పది పేజీలు దాటలేదు. ఆ రెక్కల రాజు మాట్లాడుతుంటే నవ్వు వచ్చి మూసేశాను. అదే పుస్తకం ఈ మే నెలలో మూడు మధ్యాహ్నాల్లో పూర్తి చేశాను, చివరి అధ్యాయంలో ఏడ్చాను కూడా. పుస్తకం అదే. నేనూ అయిదు నెలల్లో అంత మారిపోలేదు. మరి మారింది ఏమిటి? ఎండకు మెదడు మెత్తబడుతుందా? ఇంకెవరికైనా ఇలా జరుగుతుందా, నాకే తిక్క పుట్టిందా?

కాజీపేట_జంక్షన్
తిక్క కాదు మేడమ్, వడదెబ్బ. మజ్జిగ తాగి పడుకోండి.

రోహిణి_కార్తె
నాకూ అంతే, పంతులమ్మ గారూ. నేను చదివిన అయిదింటిలో నాలుగు మంచు దేశాల్లో జరిగాయి. నాయిక ఉన్ని దుప్పటి కప్పుకుంటుంది, పళ్లు టకటక కొట్టుకుంటాయి, నాయకుడు నెగడు రాజేస్తాడు. ఇక్కడ కూలర్‌లో నీళ్లు అయిపోయి వేడిగాలి మొహాన కొడుతుంటే ఆ వణుకు చదవడమే సగం సుఖం. కథ సంగతి తరువాత.

సబ్‌స్టేషన్_రాత్రి_డ్యూటీ
కూలర్‌లో నీళ్లు అయిపోతే మీరు నింపుకోవాలి. కరెంటు పోతే మాకు ఫోను చేయాలి. ఈ తేడా ఈ జిల్లా ప్రజలకు ఎప్పటికి తెలుస్తుందో.

రోహిణి_కార్తె
అన్నా, మీరు ఏ ఊరివారో గానీ నిన్న రాత్రి పదకొండున్నరకు సరిగ్గా యుద్ధం మధ్యలో మా వీధిని చీకటి చేశారు.

సబ్‌స్టేషన్_రాత్రి_డ్యూటీ
ఊరంతా ఒకేసారి ఏసీలు వేస్తే ట్రాన్స్‌ఫార్మర్ ఏమి చేస్తుంది, పాపం. అది సరే, యుద్ధంలో ఎవరు గెలిచారు?

రోహిణి_కార్తె
తెలియదు. ఫోనులో ఛార్జింగ్ కూడా మీ దయే కదా.

పోతన_పాదధూళి
ఎవరూ అనేలా లేరు కాబట్టి నేనే అంటాను. బమ్మెర మనకు కూతవేటు దూరం. పాలకుర్తి దాని పక్కనే. అలాంటి నేల మీద పుట్టి రెక్కల మనుషుల సరసాల కోసం ఆరు వందల పేజీలు తిప్పడం, దానికి మళ్లీ కారణాలు వెతుక్కోవడం! అది సాహిత్యం కాదు, పుల్ల ఐసు. కాసేపు నాలుక ఎర్రగా ఉంటుంది, కడుపులో ఏమీ మిగలదు.

చపాట_మిర్చి
సార్, మే నెలలో పుల్ల ఐసు బండి వస్తే మీరు లోపలికి వెళ్లి తలుపు వేసుకుంటారా?

కాజీపేట_జంక్షన్
గంట మోగించగానే ముందు పరుగెత్తేది ఆయనే అయి ఉంటుంది.

గోదావరిఖని_రెండో_షిఫ్టు
నేను మగవాడిని, ఇవి చదువుతాను, ముందే చెప్పేస్తే నవ్వేవాళ్లు నవ్వుకుంటారు. బొగ్గు ఓపెన్ కాస్ట్‌లో డంపర్ నడుపుతాను. రామగుండం వైపు 45 డిగ్రీలు దాటడం మాకు వార్త కాదు, గని గుంతలో రాయి కూడా సెగ కక్కుతుంది. మా ఇంట్లో ముందు ఆమె చదువుతుంది. నచ్చితే నాకు అప్పజెబుతుంది, ఎందుకంటే ఆమెకు దాని గురించి మాట్లాడటానికి ఇంకొకరు కావాలి. పక్కింటివాళ్లతో ఈ ముచ్చట పెట్టలేదు కదా. రెండో షిఫ్టుకు వెళ్లే బస్సులో నేను చదువుతాను.

నాకు ప్రేమ కంటే డ్రాగన్ ఎక్కే ఘట్టాలు ఇష్టం. కారణం ఉంది. వంద టన్నుల డంపర్‌కు డ్రైవరు గది చేరాలంటే నిచ్చెన ఎక్కాలి. టైరే మనిషి కంటే ఎత్తు. శిక్షణలో మొదటి రోజు పైకెక్కి కిందికి చూస్తే మోకాళ్లు ఆగలేదు. ఇంజను మొదలుపెడితే ఒళ్లంతా దానిదే అయిపోయినట్టు అదురుతుంది. దాన్ని మనం నడుపుతున్నామా, అదే మనల్ని మోసుకుపోతుందా అనే అనుమానం వారం రోజులు వదలలేదు. ఆ నవలలో అమ్మాయి మొదటిసారి ఆ జంతువు మెడ ఎక్కే దగ్గర అదే రాశారు. ఆ రచయిత్రి డంపర్ ఎక్కి ఉండదు, అయినా ఎలా తెలిసిందో.

పోతన_పాదధూళి
డంపర్‌కు రెక్కలు ఉండవు నాయనా.

గోదావరిఖని_రెండో_షిఫ్టు
లేవు సార్, ఉంటే మా ఓవర్‌మన్ దానికి కూడా లాగ్ బుక్కులో గడి గీయించేవాడు.

మంచిర్యాల_మామిడి
అందరూ మురిసిపోతున్నారు గానీ నాకు ఒక చిక్కు ఉంది. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను, ఇవి నేనూ వదలకుండా చదువుతాను. ఇందులో నాయకుడికి మూడు వందల ఏళ్లు, ఒక్కోసారి అయిదు వందలు. నాయికకు 19. ఎత్తుకుపోతాడు, గదిలో పెట్టి తాళం వేస్తాడు, 'నీ మంచికే' అంటాడు. మనం నిట్టూరుస్తాం. అదే పని బస్టాండులో ఎవడైనా చేస్తే షీ టీమ్స్‌కు ఫోను చేస్తాం. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇముడుతున్నాయో నాకు అర్థం కాదు.

కాజీపేట_జంక్షన్
మూడు వందల ఏళ్లవాడికి మోకాళ్ల నొప్పులు ఉండవా?

రోహిణి_కార్తె
ఉండవు. జుట్టు కూడా రాలదు. అందుకే దాన్ని ఫాంటసీ అంటారు.

మామిడి చెల్లీ, పుస్తకంలో వాడు హద్దు దాటితే మూసేసి తొక్కు జాడీ మీద బరువుగా పెడతాను. నిరుడు ఒకదాన్ని నిజంగానే పెట్టాను, అట్టకు నూనె మరక ఇంకా ఉంది. బస్టాండులో వాడి మీద నేను ఏమి పెట్టగలను?

మంచిర్యాల_మామిడి
అక్కా, నవ్వు వచ్చింది గానీ జవాబు దొరకలేదు. మా హాస్టల్‌లో ఇంటర్ పిల్లలు కూడా ఇవే చదువుతున్నారు. అలాంటి అసూయనే ప్రేమ అనుకుంటున్నారు. ఒక అమ్మాయి అయితే తన స్నేహితుడు రోజుకు పదిసార్లు ఎక్కడున్నావని అడుగుతాడని గొప్పగా చెప్పుకుంది.

పంతులమ్మ_హనుమకొండ
మామిడీ, నీ మాట కాదనలేను. పదో తరగతి పిల్లల చేతిలో ఈ పుస్తకం చూస్తే నేనే లాక్కుంటానేమో. అయినా రాత్రి ఇంటికి వచ్చి దాన్నే చదువుతాను. ఆ లాక్కున్నదాన్ని చదివినా ఆశ్చర్యం లేదు.

చపాట_మిర్చి
ఈ నవలలకు కారం గుర్తులు పెడతారట కదా, ఒక మిర్చి, రెండు మిర్చీలు, అయిదు మిర్చీలు అని. మా చెల్లెలు చూపించింది. నేను ఎనుమాముల మార్కెట్‌లో కమీషన్ దుకాణంలో పద్దులు రాస్తాను. ఆ గుర్తులు వేసినవాడికి మిర్చి తెలియదు. అయిదూ ఒకే రకం బొమ్మలు! మన లెక్క వేరు ఉండాలి.

తేజ: చిన్నగా కనిపిస్తుంది, కళ్ల నీళ్లు తెప్పిస్తుంది. అట్ట సాదాగా ఉండి లోపల తలుపు గడియ పెట్టుకుని చదవాల్సినవి.
చపాట: రంగు దండిగా, కారం నామమాత్రం. అట్ట మీద చొక్కా లేని వీరుడు, లోపల మూడు వందల పేజీలకు ఒకసారి చేయి పట్టుకోవడం. తొక్కు పెట్టుకోవడానికి, అత్తగారి ముందు చదవడానికి మేలు.
తాలు: రంగూ లేదు, కారమూ లేదు. వేలంలో ఎవరూ పాడరు.

గోదావరిఖని_రెండో_షిఫ్టు
మీ లెక్క మా ఆవిడకు చదివి వినిపించాను. 'మనకు ఇన్నాళ్లూ చపాటలే దొరికాయి' అని నిట్టూర్చింది.

సబ్‌స్టేషన్_రాత్రి_డ్యూటీ
అన్నా, ఇది పదిమందీ చదివే చోటు.

పాత_పుస్తకాల_పురుగు
పోతన సార్ పుల్ల ఐసు అన్నారు కాబట్టి నాలుగు ముక్కలు రాయాలి. వేసవిలో మంచు కొండలకు పారిపోవడం ఇంగ్లీషువాళ్లు కనిపెట్టారా? మనుచరిత్రలో ప్రవరుడు చేసింది ఏమిటి? ఇల్లు కదలని మనిషి, ఒక సిద్ధుడు ఇచ్చిన పసరు కాళ్లకు రాసుకుని నేరుగా హిమాలయం మీద వాలాడు. మంచు తగిలి ఆ లేపనం కరిగిపోయింది, ఇంటికి దారి లేదు. అక్కడ వరూధిని కనిపించింది. ఆమె ప్రేమించింది, ఈయన కాదని అగ్నిదేవుణ్ణి వేడుకుని ఇల్లు చేరాడు. తరువాత ఆమెను ఆశపడిన గంధర్వుడు ప్రవరుడి రూపంలో వచ్చాడు. మాయారూపాలు, మంచు కొండ, నెరవేరని కోరిక, మారువేషపు ప్రియుడు. ఈ రోజుల్లో వస్తే అట్ట మీద నాలుగు మిర్చీలు పెట్టేవారు.

అదీ చాలకపోతే పింగళి సూరన కళాపూర్ణోదయం ఉంది. అందులో రంభ రూపంలో ఇంకొకరు, నలకూబరుడి రూపంలో ఇంకొకరు, ఎవరు ఎవరో తేలడానికి కాగితం మీద గీత గీసుకోవాలి. అదే కావ్యంలో సుగాత్రి, శాలీనుల కథ నాకు ప్రాణం. పెళ్లయింది. నగలతో ముస్తాబై వచ్చిన భార్య దగ్గరకు శాలీనుడు పోడు. తోటపని అంటే అతనికి ఇష్టం. ఒక రోజు వాన ముంచుకొస్తుంటే ఆమె నగలు తీసి పెట్టి, చీర బిగించి, అతనితో పాటు తోటలో పనిలోకి దిగింది. అప్పుడు కదిలింది అతని మనసు. కుంపటి మీద పాలు పెట్టినట్టు నిదానంగా నడిచే ప్రేమ కావాలని ఈ పిల్లలు అడుగుతుంటారే, 16వ శతాబ్దంలో సూరన రాసి పెట్టాడు.

మంచిర్యాల_మామిడి
నగలు తీసేశాక ఇష్టపడ్డాడా! ఇతను బాగున్నాడు. వయసు ఎంత? మూడు వందలు కాదు కదా?

పోతన_పాదధూళి
పురుగు గారూ, కథ ఒకటైతే సరిపోతుందా? పెద్దన పద్యం ఎక్కడ, వీళ్ల వాక్యం ఎక్కడ? లేపనం కరిగిపోయిందని ప్రవరుడు తెలుసుకునే చోట పద్యాలు మీకు నోటికి వచ్చునా?

పాత_పుస్తకాల_పురుగు
రావు సార్. మీకు?

పోతన_పాదధూళి
ఆ ఆశ్వాసం మొత్తం వచ్చు.

పాత_పుస్తకాల_పురుగు
ఎప్పుడు నేర్చుకున్నారు?

పోతన_పాదధూళి
పదో తరగతి పరీక్షలు రాసిన వేసవి సెలవుల్లో. మా మేనమామ ఇంట్లో ఆ ఒక్క పుస్తకమే ఉండేది.

కాజీపేట_జంక్షన్
పుల్ల ఐసు బండి దొరికింది.

లక్నవరం_వంతెన
నాది వేరే సంగతి. పోయిన ఏడాది మే నెల మొత్తం వరంగల్‌లో ఒక ఆసుపత్రి వరండాలో గడిపాను. నాన్నకు బాగాలేదు. లోపలికి ఒక్కరినే రానిచ్చేవారు, మిగతావాళ్లం బయట గచ్చు మీద. ఫోనులో వార్తలు చూస్తే గుండె దడ. మంచి నవల అని పేరున్నది ఒకటి మొదలుపెట్టాను. మూడో అధ్యాయంలో ముసలాయన మంచాన పడ్డాడు, మూసేశాను. పక్కన కూర్చున్న ములుగు అమ్మాయి తన ఫోనులో ఈ రకం సీరియల్ చదువుతోంది. మనుషులను మించిన శక్తులున్న అబ్బాయి, వాడిని చంపడానికి వచ్చి మనసు పారేసుకున్న అమ్మాయి. ఆమె చెప్పిన మాట ఇప్పటికీ గుర్తుంది. 'ఇందులో అయితే ఎన్ని కత్తిపోట్లు పడినా ఆఖరికి ఇద్దరూ బతుకుతారు అక్కా, మధ్యలో భయపడాల్సిన పని లేదు.'

ఆ నెలలో నాకు కావలసింది అదొక్కటే. 140 భాగాలు చదివాను. కథ ఏమిటని ఇప్పుడు అడిగితే సరిగ్గా చెప్పలేను. నాన్న జూన్‌లో ఇంటికి వచ్చారు. ఆ సీరియల్ మళ్లీ తెరవలేదు, ఆ పేరు కనబడితే డెటాల్ వాసన వస్తుంది.

పంతులమ్మ_హనుమకొండ
వంతెన గారూ, నాన్నగారు ఇప్పుడు ఎలా ఉన్నారు?

లక్నవరం_వంతెన
బాగున్నారు. నా మీద అరుస్తున్నారు, అంటే బాగా ఉన్నట్టే.

రంజన్_నీళ్లు
నాకు 68 ఏళ్లు, జగిత్యాల. మనవరాలు ఈ చర్చ చదివి వినిపించింది, జవాబు నేను చెబుతుంటే తను టైపు చేస్తోంది.

మా కాలంలో రెక్కల రాజులు లేరు. వారపత్రికలో సీరియల్ నాయకుడికి ఆరడుగుల ఎత్తు, పడవంత కారు, మేడ ఉండేవి. మా వీధిలో అప్పటికి సైకిళ్లే. మాకు ఆ కారే డ్రాగన్. అద్దె పుస్తకాల దుకాణం నుంచి నవల తెస్తే రోజుకు పావలా. అట్ట చిరిగిపోయి, చివరి నాలుగు పేజీలు పోయిన పుస్తకాలకు కూడా పావలానే తీసుకునేవాడు, అన్యాయం. ముగింపు మేమే చెప్పుకునేవాళ్లం, ఒక్కో ఇంట్లో ఒక్కో ముగింపు.

ఇప్పుడు పంతులమ్మ అడిగిన దానికి. ఎండాకాలం పన్నెండు దాటితే తలుపులు మూసేవాళ్లం. కిటికీలకు తడి గోనెపట్టాలు కట్టేవాళ్లం. మామగారు వసారాలో, అత్తగారు నడింట్లో, పిల్లలు గచ్చు మీద నీళ్లు చల్లుకుని నిద్ర. నాలుగింటి దాకా ఎవరూ లేవరు, ఎవరూ రారు, ఎవరూ 'ఏమే' అని పిలవరు. కోడలిగా వచ్చిన ఇంట్లో నాకంటూ ఉన్న నాలుగు గంటలు సంవత్సరం మొత్తంలో ఆ రెండు నెలలే. చలికాలం మధ్యాహ్నం అలా ఉంటుందా? అందరూ అరుగు మీద ఎండలో చేరతారు, బియ్యం చెరగాలి, పప్పు ఎండబోయాలి, ఎవరో ఒకరు ముచ్చటకు వస్తారు. పుస్తకం పడితే 'ఏమి చదువుతున్నావు' అని అడుగుతారు. ఆ ప్రశ్న వచ్చిందంటే చదవడం అయిపోయినట్టే.

పంతులమ్మ_హనుమకొండ
అమ్మా, మీ మాట చదివి కాసేపు అలాగే కూర్చున్నాను. డిసెంబరులో నేను ఆ పుస్తకం తెరిచింది రాత్రి పదింటికి. పొద్దున ఏడున్నరకు పదో తరగతి ప్రత్యేక తరగతులు. మధ్యలో మా ఆయన వచ్చి 'ఇంకా దీపం ఆర్పలేదా' అన్నారు. వెంటనే ఆ రెక్కల రాజు హాస్యగాడైపోయాడు. ఒక్కరమే ఉన్నప్పుడు ఆ రాజు రాజుగానే ఉంటాడు. ఇంకొకరు తొంగిచూస్తే అట్టముక్క కిరీటం పెట్టుకున్న వేషగాడు.

సబ్‌స్టేషన్_రాత్రి_డ్యూటీ
అందరికీ ఆ మధ్యాహ్నం ఉండదు, ఆ మాట కూడా ఒకటి రాసి ఉండాలి. మాకు ఎండ పెరిగిన కొద్దీ పని. మా లైన్‌మన్ మిట్టమధ్యాహ్నం స్తంభం ఎక్కితే ఇనుము చేతికి అంటుకుంటుంది. మీరు తలుపులు మూసుకుని మంచు దేశానికి వెళ్లాలంటే ఎవరో ఒకరు ఆ స్తంభం మీద ఉండాలి.

చపాట_మిర్చి
నిజం. మార్కెట్ యార్డులో బస్తాలు మోసే హమాలీని అడిగితే మధ్యాహ్నం అంటే నీడ ఎక్కడుందో వెతుక్కునే వేళ.

రంజన్_నీళ్లు
నిజమే బిడ్డా. మా పాలేరుకూ ఆ నాలుగు గంటలు ఉండేవి కావు. అప్పుడు తట్టలేదు.

భద్రకాళి_గట్టు
వేరే ప్రశ్న. ఈ 'రొమాంటసీ', అంటే ప్రేమా ఫాంటసీ కలిపిన నవలల గాలి 2023లో రెబెకా యారోస్ 'ఫోర్త్ వింగ్' వచ్చాక మరీ పెరిగింది. టిక్‌టాక్‌ను మన దేశంలో 2020లోనే ఆపేశారు, అయినా అక్కడ లేచిన ఊపు రీల్స్ దారిలో మన పిల్లల దాకా వచ్చింది. మరి తెలుగులోకి ఎందుకు రావు? ఫోను యాప్‌లలో తెలుగు సీరియళ్లు ఉన్నాయి, వాటిలోనూ మంత్రశక్తులు ఉన్నాయి, కాదనను. నేను అడిగేది ఆ లావుపాటి నవలల అనువాదం గురించి.

సబ్‌స్టేషన్_రాత్రి_డ్యూటీ
నేనూ అదే అడుగుదామనుకున్నాను. తెలుగు మాధ్యమంలో చదివినవాడిని. రోహిణి గారి యుద్ధం ఏమైందో తెలుసుకుందామని ఆ పుస్తకం నమూనా పేజీలు తెరిచాను. మొదటి పేజీలోనే ఎనిమిది ఊళ్ల పేర్లు, పక్కన పటం. ఫీడర్ల పటం అంతకంటే సులువుగా ఉంటుంది.

పాత_పుస్తకాల_పురుగు
నేను సరదాకు ఒక అధ్యాయం తెలుగు చేసి చూశాను. రెండో పేరాలోనే ఆగిపోయాను. ఎందుకో చెబితే నవ్వుతారు. అందులో నాయకుడిని 'హై లార్డ్' అంటారు. దానికి మన మాట ఏమిటి? రాజు కాదు, రాజులు వేరే ఉన్నారు. ప్రభువు అంటే చర్చి గుర్తుకొస్తుంది. సరిగ్గా అతికే మాట ఒకటే ఉంది: దొర.

గోదావరిఖని_రెండో_షిఫ్టు
అమ్మో.

పాత_పుస్తకాల_పురుగు
అదే. 'పెద్ద దొర ఆమెను గడీకి రప్పించాడు' అని రాశాను. రాసి చదువుకుంటే చేయి ముందుకు సాగలేదు. అది ఇంగ్లీషులో పూలతీగల కోట. తెలుగులోకి వస్తే మా ఊరి గడీ అయింది. మా తాత ఆ గడీ ముందు నుంచి వెళ్లేటప్పుడు చెప్పులు చేతిలో పట్టుకునేవాడట. మా నాయనమ్మ వెట్టికి వెళ్లిన రోజులు లెక్కపెట్టి చెప్పేది. అలాంటి చోట వెన్నెల, వీణ, దొరగారి నీలి కళ్లు ఎలా రాయను?

రంజన్_నీళ్లు
మా జగిత్యాలలో 1978లో దొరలకు ఎదురుగా రైతు కూలీలు చేసిన జైత్రయాత్రకు జనం పల్లెల నుంచి నడిచి వచ్చారు. నేను అప్పటికి కొత్త కోడలిని, మేడ మీది నుంచి చూశాను. దొరలు ఆ తరువాత ఊళ్లు విడిచి పట్నాలకు పోయారు. వాళ్లను మళ్లీ ఈ పుస్తకాల్లోకి తెచ్చుకుంటామా? నవల పేరుతో కూడా వద్దు.

మంచిర్యాల_మామిడి
ఇది నాకు ఎప్పుడూ తట్టలేదు. నేను తిట్టిన నాయకుడు, మీరు చెబుతున్న దొర ఒక్కడేనన్నమాట. అడగకుండా తీసుకుపోతాడు, ఎదురు చెబితే 'నా గడప' అంటాడు. ఇంగ్లీషులో ఉన్నంతసేపు వాడు మన ఊరివాడని గుర్తుపట్టలేదు.

రోహిణి_కార్తె
చెల్లీ, నేను వచ్చే వారం మొదలుపెడదామని ఉంచుకున్న పుస్తకాన్ని ఇప్పుడు ఏమి చేయమంటావు?

మంచిర్యాల_మామిడి
తొక్కు జాడీ.

భద్రకాళి_గట్టు
దొర వద్దనుకుంటే మనకు రాణి ఉంది కదా. ఈ నవలలకు కావలసిన సరుకంతా ఓరుగల్లులోనే ఉంది. గణపతిదేవుడికి కొడుకులు లేరు, కూతురికి రుద్రదేవుడని మగ పేరు పెట్టి సింహాసనం ఇచ్చాడు. శాసనాల్లో రుద్రదేవ మహారాజు అనే ఉంటుంది. సామంతులు ఒప్పుకోలేదు, తిరగబడ్డారు, అణచివేసింది. నిడదవోలు చాళుక్య వీరభద్రుడితో పెళ్లి. 1289లో ఆమె చనిపోయిందని నల్లగొండ వైపు చందుపట్ల శాసనం వల్ల తెలిసింది. పోనీ రాజకుటుంబం వద్దు, రామప్ప గుడి స్తంభాల మీద మదనికలు, అంటే రాతి సుందరులు ఉన్నారు. ఒకామె ఒంటి మీద పాము, ఇంకొకామె కాళ్లకు ఎత్తు మడమల చెప్పులు. 1213 నుంచి అలాగే వంగి నిలబడి ఉన్నారు. రాత్రి గుడి తలుపు వేశాక వాళ్లలో ఒకామె కిందికి దిగిందనుకోండి...

కాజీపేట_జంక్షన్
ఆ చెప్పులతో దిగితే చీలమండ బెణుకుతుంది.

పోతన_పాదధూళి
దిగితే శిల్పిని వెతుక్కుంటూ వెళ్లాలి. ఎనిమిది వందల ఏళ్లు గడిచాయి, అతను లేడు. చెరువు గట్టు మీద పూడిక తీసే కూలీలలో ఒకడి చేతులు మాత్రం శిల్పి చేతుల్లా ఉంటాయి. అతనికి ఆమె పదే పదే ఎదురుపడుతుంది. అతను గుర్తుపట్టడు.

రోహిణి_కార్తె
సార్???

చపాట_మిర్చి
సార్, తరువాత ఏమవుతుంది? ఇది తేజనా, చపాటనా?

పోతన_పాదధూళి
ఏదో మాట వరుసకు అన్నాను. ఇక్కడితో వదిలేయండి.

మంచిర్యాల_మామిడి
ఇందులో వయసు ఎక్కువ ఉన్నది ఆమెకు. నాకు నచ్చింది. వదలం సార్.

లక్నవరం_వంతెన
ఆఖరికి ఇద్దరూ బతకాలి. ముందే చెబుతున్నాను.

పంతులమ్మ_హనుమకొండ
మూడు వారాల తరువాత వస్తున్నాను. మృగశిర నాడు మా ఇంట్లో చేపల పులుసు వండుతుంటే సాయంత్రం నాలుగింటికి వాన పడింది, వీధి తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఎదురింటి ఆవిడ గిన్నె పట్టుకుని వచ్చింది, కాసేపటికి ఆడబిడ్డ వచ్చింది. నా చేతిలో మూడో పుస్తకం, ఇంకా 62 పేజీలు ఉంది. రెక్కల రాజు ఏదో అంటున్నాడు, నాకు మళ్లీ నవ్వు రావడం మొదలైంది. అందుకే ఆపేశాను. జూన్ 12న బడి తెరుస్తారు, పాఠ్యపుస్తకాల కట్టలు విప్పాలి. పేజీలో మామిడి ఆకు పెట్టి బీరువాలో చీరల కింద దాచాను, ఏప్రిల్‌లో తీస్తాను.

సబ్‌స్టేషన్_రాత్రి_డ్యూటీ
ఆ పుస్తకం నేను పూర్తి చేశాను మేడమ్. నిఘంటువు పక్కన పెట్టుకుని, మూడు వారాలు పట్టింది. చివర్లో ఆ రాజు...

పంతులమ్మ_హనుమకొండ
ఒక్క అక్షరం చెప్పారంటే మీ సబ్‌స్టేషన్ ఎక్కడుందో కనుక్కుని వస్తాను.

సబ్‌స్టేషన్_రాత్రి_డ్యూటీ
రండి. వచ్చేటప్పుడు నాలుగో పుస్తకం పట్టుకు రండి.